ఇంటి పిల్లను ఎవరడుగుతరు

ఆగస్టు 10, ఆదివారం

మా ఇంట్లో అందరూ నా ముఖం చూసి సంగతి చెప్పగలమనుకుంటరు. ఒక్కరికీ చాతకాదు.

పొద్దున ప్రార్థన నుంచి వచ్చి అన్నం ముందర కూసున్న. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్న. అమ్మ కంచం దిక్కు చూసింది, నా దిక్కు చూసింది, గొంతు తగ్గిచ్చి అడిగింది.

"ఎవడు బిడ్డా వాడు?"

"ఎవడు?"

"వాడే. చెప్పు. నేనేం తిట్టను. మీ నాయినకు నేను చెప్పుకుంట."

తమ్ముడు రాకేష్ గడప మీద కూసొని ఫోన్ చూస్తుండు. తల ఎత్తకుండనే, "పేరు తర్వాత అడుగు అమ్మా, ముందుగాల బండి ఏముందో అడుగు" అన్నడు. తాతకు సగం మాటలే ఇనబడతయి. ఇనబడ్డ సగంతోని, "పెండ్లెప్పుడు?" అన్నడు. అయిదు నిమిషాలల్ల నా పెండ్లి కుదిరిపోయింది. కోపమొచ్చి లేచి బయటికొస్తే వెనక నుంచి అమ్మ గొంతు: "సిగ్గుపడుతుంది, ఊకోండ్రి."

నాకు మొగుడు వద్దు. నాగర్‌కర్నూల్ ఆఫీసు కావాలె.

ఈ ముక్క అమ్మకు ఎట్ల చెప్పాలె? నాలుగేండ్ల నుంచి చెప్తున్న, నేను విత్తనాల కంపెనీల ఫీల్డ్ అసిస్టెంట్‌నని. బాటనీల డిగ్రీ అని. ముప్పై ఎనిమిది మంది రైతులు విత్తనం కోసం వేసిన సీడు పత్తి నేను చూసి సరే అంటేనే కంపెనీ తీసుకుంటదని. అమ్మ మా ఊరు పాన్‌గల్ల ఎవరన్న అడిగితే చెప్పేది ఒకటే: "మా ఎస్తేరు గద్వాల్ దిక్కు పత్తి చేన్లల్ల చేస్తది." అబద్ధం కాదు. అదే నా బాధ.

ఏప్రిల్ల మా కంపెనీ ఓనరు మహిపాల్ సార్ జీపుల మల్దకల్ నుంచి వస్తుంటే అన్నడు: "దసరా అయినంక నాగర్‌కర్నూల్ల ఆఫీసు తెరుస్తున్న ఎస్తేరూ. చూసుకునేతందుకు మన మనిషి ఉండాలె. నువ్వే చూసుకో." మన మనిషి. ఆ మాట విన్న దినం నుంచి నేను ఆ ఆఫీసుల బల్ల ఏ గోడకు వెయ్యాల్నో ఆలోచిస్తున్న. ఒక ఆదివారం ఇంట్ల చెప్పకుండ బస్సెక్కి పోయి చూసొచ్చిన కూడా. ఎరువుల దుకాణం మీద, మొదటి అంతస్తు. ఆకుపచ్చ షట్టర్. దాని సందులకెల్లి చూస్తే లోపల కిటికీ కనపడ్డది.

మరి అన్నం ఎందుకు సగిస్తలేదు? ఆఫీసుల గీత అని కొత్త పిల్ల చేరి రెండు వారాలైంది. అందుకు కాదు. ఎండలకు.


ఆగస్టు 11, సోమవారం

రాయొద్దనుకున్న. రాస్తున్న.

గీత చేరిన మొదటి దినం సార్ బల్ల ముందర నిలబడి, "సార్, అపాయింట్‌మెంట్ లెటర్ ఎప్పుడిస్తరు?" అని అడిగింది. సినిమా టికెట్ అడిగినట్టు అడిగింది. చాయ్ తెచ్చిన వెంకట్రాములన్న గ్లాసు పట్టుకొని అట్లనే నిలబడ్డడు. ఈ ఆఫీసుల ఆయనది పదకొండో యేడు, ఆ మాట ఎవరి నోట వినలేదంట. సార్ రెండు సార్లు కండ్లు ఆర్పి, "సాయంత్రం తీసుకో అమ్మా" అన్నడు. సాయంత్రం ఇచ్చిండు.

నాకు లేదు. నాలుగేండ్లు. నేను అడగలేదు. నేను చేరిననాడు సారే అన్నడు, "కాయితాలెందుకమ్మా, నువ్వు మా ఇంటి పిల్లవు." ఆ మాట ఆనాడు ఇంటికి పోయి అమ్మకు చెప్పి మురిసిన.

గీత తొమ్మిదిన్నరకు వస్తది. ఆరు కొట్టంగనే సంచి భుజానికేస్తది. పని సగంల ఉన్నా సరే. "మిగిలింది రేపు చేస్త అక్కా" అంటది. రేపు చేస్తది కూడా. వాళ్లది పెద్దమందడి. నాయినకు భూమి ఉన్నది. నన్ను అక్కా అని పిలుస్తది. పిలవొద్దని ఎట్ల చెప్తం?


ఆగస్టు 14, గురువారం

"గీతకు పని నేర్పు" అన్నడు సార్. నేర్పిన.

అలివేలమ్మ ముఠా మల్దకల్ దగ్గరి చేన్ల ఉన్నది. పన్నెండు మంది ఆడోళ్లు. పగటీలి ఆడ వరుసలల్ల మొగ్గలు గిల్లి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు ఎర్ర కాయితం తొడుగుతరు. తెల్లారి మగ వరుసల పూలు తెంపుకొచ్చి, ఆ ఎర్ర కాయితాలు చూసుకుంట ఒక్కొక్క దానికి రుద్దుతరు. అలివేలమ్మ గీతకు చెప్తుంది: "పదకొండు దాటితే పెండ్లికొడుకు వాడిపోతడు మేడం. లగ్గం తప్పుతది." ముఠా అంత నవ్వింది. గీత కూడా నవ్వి, చెప్పులు ఇడిసి చాళ్లల్లకు దిగింది. నేను ఒక సీజన్ అంత చేసి నేర్చుకున్నది ఆమె పొద్దుగూకేసరికి పట్టుకున్నది. వేళ్లు సన్నగ ఉంటే నేర్చుకునుడు అల్కగనే ఉంటది.

మేడం అన్నది అలివేలమ్మ. నన్ను నాలుగేండ్ల నుంచి ఎస్తేరమ్మా అంటది. నేను దాన్ని ప్రేమ అనుకున్న.

గీతతోని: "ఎండల నిలబడకు మేడం, తల తిరుగుతది."

నాతోని: "ఎస్తేరమ్మా, జర ఆ నీళ్ల క్యాన్ ఇట్లందుకో."

అందిచ్చిన.


ఆగస్టు 15, శుక్రవారం

జెండా. సార్ లడ్డూలు పంచిండు. గీత సెలవు పెట్టింది, రాలే. సార్ ఏమనలే. పోయిన యేడు నేను జెరంతోని వచ్చిన.


సెప్టెంబర్ 1, సోమవారం

నిన్న ఆదివారం సార్ గీతకు మూడు సార్లు ఫోన్ చేసిండంట, ఎత్తలేదంట. ఇయ్యాల పొద్దున అడిగిండు. నేను ఎదురుగనే ఉన్న. మనసుల, అయింది ఈమె పని, అనుకున్న.

"ఆదివారం నేను ఫోన్ ఎత్తను సార్. సోమవారం తొమ్మిదిన్నరకు ఏ పని చెప్పినా చేస్త."

సార్ పెద్దగ నవ్విండు. "గట్టిపిల్లవే" అన్నడు.

నేను ప్రార్థనల మోకాళ్ల మీద ఉండి కూడా సార్ ఫోన్ ఎత్తిన. పాస్టర్ గారు కండ్లు తెరిచి చూసిండు. అప్పుడు నన్ను ఎవ్వరూ గట్టిపిల్ల అనలే.

నాకు గీత మీద ఏం లేదు. పద్ధతి ఒకటి ఉంటది కదా అని.


సెప్టెంబర్ 9, మంగళవారం

నేను చూడలే. కనపడ్డది.

గీత భోజనానికి లేచిపోయింది. కంప్యూటర్ మీద ఆమె మెయిల్ తెరిచే ఉన్నది. నేను విత్తనం బస్తాల లెక్క ప్రింటు తీసుకుందామని ఆ కుర్చీల కూసున్న. మౌస్ కదిలిస్తే ఏదున్నదో అది కనపడుతది కదా. చివరిదాక చదివిన. రెండు సార్లు.

మాకు పోటీ ఉన్న విత్తనాల కంపెనీ, జయపాల్ సార్‌ది. గీతకు ఉద్యోగం ఇస్తమని లెటర్. వాళ్లు కూడా నాగర్‌కర్నూల్ల ఆఫీసు తెరుస్తుండ్రు. ఈ నెలాఖరు లోపల ఒప్పుకోవాలెనంట.

ఇదే జయపాల్ సార్ రెండేండ్ల కింద నాకు ఫోన్ చేసిండు. "మా సార్‌ను ఇడిసి రాను" అని సగంల పెట్టేసిన. తెల్లారి మహిపాల్ సార్‌కు చెప్పిన. సార్ ఫైలు చూసుకుంటనే, "నాకు తెల్వదా, నువ్వు ఇంటి పిల్లవు" అన్నడు. నెల దినాలు ఆ మాట మీదనే బతికిన.

గీతకు చేరి ఆరు వారాలు.


సెప్టెంబర్ 10

చెప్పను.


సెప్టెంబర్ 11

చెప్పను. ఎవరి బతుకు వాళ్లది. నేనేమన్న చాడీలు చెప్పేదాన్నా?


సెప్టెంబర్ 12

చెప్పిన.


సెప్టెంబర్ 13, శనివారం

కంపెనీ మంచి కోసమే చెప్పిన. సీజన్ మధ్యల మనిషి పోతే రైతులు పరేషానైతరు. ఉప్పు తిన్న దగ్గర ఆ మాత్రం చెప్పకపోతే ఎట్ల? ఎవరున్నా ఇదే చేస్తరు.

సార్ అడిగిండు, "నీకెట్ల తెలుసు?"

"కనపడ్డది సార్."

సార్ పెన్ను మూత తీసుడు, పెట్టుడు, తీసుడు. "మంచి పని చేసినవు. అందుకే అంట, నువ్వు మా ఇంటి పిల్లవని."

మెట్లు దిగుకుంట పాట పాడుకున్న. ఏం పాటనో గుర్తు లేదు. మెట్ల కింద గీత తన స్కూటీ తుడుచుకుంటుంది. "ఏమక్కా, ఇయ్యాల హుషారుగున్నవు" అన్నది. "ఏం లే" అన్న.

సోమవారం పిలుస్తడు. ఆమె నీళ్ల సీసా, గొడుగు, బల్ల మీద పెట్టుకున్న ఆ చిన్న అద్దం అన్నీ సంచిల పెట్టుకొని పోతది. నేను ఏమీ అనను. కావాల్నంటే సంచి పట్టుకుంట.


సెప్టెంబర్ 15, సోమవారం

పదకొండింటికి పిలిచిండు. తలుపు దగ్గరికేసిండ్రు. నేను బయట రైతుల ఫారాలు నింపుకుంట కూసున్న. ఒకే రైతు పేరు మూడు ఫారాల మీద రాసిన.

వెంకట్రాములన్న చాయ్ కోసం బయటికి పోయిండు. ఎదురుంగ ఉన్న కొట్టుకు కాదు, గడియారం చౌరస్త దగ్గరి పెద్ద హోటల్‌కు. రెండు స్పెషల్ చాయ్‌లు లోపలిచ్చి వచ్చిండు.

"ఏమైతుందే అన్నా లోపల?"

"నవ్వుతుండ్రు."

"నవ్వుతుండ్రా?"

"ముందుగాల సార్ నవ్వలే. ఇప్పుడే నవ్విండు." పళ్లెం చంకల పెట్టుకొని నా దగ్గరికి వంగిండు. "సార్ ఆ పిల్లను 'ఉంటవా అమ్మా' అని అడుగుతుండు. ఒకటి కాదు, రెండు సార్లు. నా భార్య అలిగి పుట్టింటికి పోతే కూడా నేను రెండోసారి అడగలే."

నలభై నిమిషాలు. తలుపు తెరుచుకున్నది. గీత బయటికొచ్చి తన బల్ల దగ్గర కూసున్నది. నీళ్ల సీసా సంచిల పెట్టలే. మూత తీసి తాగింది.


సెప్టెంబర్ 16, మంగళవారం

నాగర్‌కర్నూల్ గీతకు ఇచ్చిండు.

అందరి ముందర చెప్పిండు. చప్పట్లు కొట్టినం. నేను కూడా కొట్టిన. నావే గట్టిగ వినబడ్డయి.

అందరూ పోయినంక సార్ దగ్గరికి పోయిన.

"సార్, ఏప్రిల్ల ఆ ఆఫీసు నాకు చెప్పినరు."

"చెప్పిన. కాదంటలేను." కుర్చీ చూపిచ్చిండు. కూసోలే. "నువ్వే కదమ్మా సంగతి చెప్పింది. నువ్వు చెప్పబట్టే ఆ పిల్ల చెయ్యి దాటిపోలే. బయటోళ్లు ఇస్తుంటే మనం ఇయ్యకుంటే ఎట్ల ఉంటది? ఇట్లాంటి పిల్లను ఆపాలంటే ఏదో ఒకటి పెట్టాలె."

"మరి నేను సార్?"

సార్ నవ్విండు. వెటకారం కాదు. ప్రేమతోనే నవ్విండు. అదే మింగుడు పడుతలేదు.

"నువ్వు యాడికి పోతవ్ ఎస్తేరూ?"

వెంకట్రాములన్నను పిలిచి నాకు సమోసా తెప్పిచ్చిండు. వేడిగున్నది. తిన్న. ఎందుకు తిన్ననో తెల్వదు.


సెప్టెంబర్ 17, బుధవారం

వాళ్లు వాళ్లు ఒకటి. గంతే. భూములున్నోళ్లకు భూములున్నోళ్లే కనపడుతరు. ఏదో చుట్టరికం కూడా ఉండే ఉంటది. సార్ ఇంటికి ఈ నాలుగేండ్లల్ల ముప్పై సార్లన్న పోయుంట, ఫైళ్లు పట్టుకొని. వరండల కుర్చీ వేస్తరు. సార్ వాళ్ల మేడం మంచి నీళ్లు ఇస్తది. ఇంటి పిల్లకు ఆ ఇంట్ల ఎన్ని అర్రలున్నయో తెల్వదు. గీతను తీసుకపోయి వంటింట్ల కూసోబెడుతరు చూడు.


సెప్టెంబర్ 18

చుట్టరికం లేదు. వెంకట్రాములన్నను అడిగిన. గీత ఇప్పటిదాక సార్ ఇంటికి పోనే పోలేదంట. ఒకసారి ఫైలు పట్టుకరమ్మంటే, "ఆఫీసుల ఇస్త సార్" అన్నదంట.

చుట్టరికం ఉంటే బాగుండు.


సెప్టెంబర్ 21, ఆదివారం

గద్వాల్ నుంచి ఇంటికొచ్చిన. ఊర్ల ఇయ్యాల మొదటి బతుకమ్మ, బయట మైకు. అమ్మ నన్ను చూసి ఏమీ అడగలే. గుడ్డు వండి పెట్టింది. అంటే వాడు నన్ను ఇడిసిపెట్టిండని అనుకుంటుంది.

పగటీలి తాత దగ్గర కూసున్న. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి మొత్తం చెప్పిన. మనిషికి చెవులు ఇనబడకపోతే చెప్పుడు సులువు. గీత, లెటర్, సార్, సమోసా. సార్‌కు చెప్పింది నేనేనని కూడా చెప్పిన. ఎంత ఇనబడ్డదో తెల్వదు. తాత చుట్ట ఆర్పి పక్కకు పెట్టిండు.

"మేము ఉగాదికి జీతం కుదిరేటోళ్లం" అన్నడు. "పటేల్ దగ్గర. ఉగాది నుంచి ఉగాది దాక. పండుగ వారం దినాలుందనంగ పటేల్ మన గుడిసె కాడికి వస్తుండె. గా చింత మొద్దు మీద కూసోని అడుగుతుండె. 'కిష్టిగా, ఈ యేడు ఉంటవారా?' అని."

"పటేల్ వచ్చి అడుగుతుండెనా?"

"అడగాలె. అది కట్టడి. గాయన ఎంత మొనగాడైనా గా ఒక్క దినం మన కాడికి వచ్చి అడగాలె. ఉంటనంటే, పాత గొంగడే, పాత చెప్పులే. ఒక్క యేడు నేను 'సూద్దాం పటేలా' అన్న."

"ఏమైంది?"

తాత బోసి నోరంత తెరిచి నవ్విండు. "తెల్లారేసరికి కొత్త గొంగడి! కిర్రు చెప్పుల జత! నేను యాడికీ పోయేది లేకుండె బిడ్డా. ఊకెనే అన్న."

నేను కూడా నవ్విన. తర్వాత చెప్పిన, నన్ను నాలుగేండ్లల్ల ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదని. ఉంటవా అని.

ఈ మాట తాతకు ఒక్కసారికే ఇనబడ్డది. నవ్వు ఆపిండు.

"అడగలేదా?"

"లే తాతా. నేను ఇంటి పిల్లనంట."

"జీతగాన్ని అడుగుతరు" అన్నడు తాత. "కొట్టంల ఎడ్లను ఎవడడుగుతడు?"

లేచి బయటికి పోయిన. మా తాత అక్షరం ముక్క రానోడు, అంబలి మీద బతికినోడు. నేను డిగ్రీ చదివిన. ఆయనకు ఒక ఉగాది అన్న ఉండె.


సెప్టెంబర్ 24, బుధవారం

గీత స్కూటీ పంక్చరైంది. నా బండి మీద ఎక్కించుకొని మల్దకల్ పోయిన. వెనక కూసొని మాట్లాడింది. నా ముఖం ఆమెకు కనపడలే, అది మంచిదైంది. అద్దంల కనపడ్డదో ఏమో.

"అక్కా, ఒకటి చెప్పాలె. సార్‌కు నేను చెప్పిన, నాగర్‌కర్నూల్ ఎస్తేరక్కకు ఇయ్యండి సార్ అని. పని ఆమెకే ఎక్కువ తెలుసు అని."

బండి గుంతల పడ్డది. నేనే చూసుకోలే.

"సార్ ఏమన్నడు?"

"అక్క యాడికీ పోదు, నువ్వైతే పోతవు, అన్నడు." నా భుజం మీదికి వంగింది. "నువ్వు ఒక్కసారి కూడా పోతనని అనలేదా అక్కా?"

"అనలే."

"ఎందుకు?"

వెనక లారీ డ్రైవర్ హారన్ కొట్టిండు. జవాబు చెప్పే పని తప్పింది.

"నేను నిజంగనే పోయేదాన్నక్కా. చెప్పకుండ పోదామనుకున్న, అది తప్పే. కానీ ఎవరో నా లెటర్ సంగతి సార్‌కు ముందే చెప్పిండ్రు. చెప్పినోళ్లు నా మీద కోపంతోనే చెప్పిండ్రేమో. గాని నాకు మేలే అయింది."

"ఎవరు చెప్తరు?" అన్న.

"ఎవరైతేంది లే అక్కా."

ఆమెకు తెలుసు. లేదా తెల్వదు. దారి పొడుగునా అదే ఆలోచన. చేను దగ్గర దిగినంక బండి స్టాండ్ తనే వేసింది, నా సీటు మీద దుమ్ము చేత్తోని దులిపింది.


సెప్టెంబర్ 25

గింత మంచిగ ఉండాల్నా మనిషి? ఆఫీసు తీసుకున్నది, సరే. మంచితనం అన్న ఇడిసిపెట్టొద్దా నాకు? కనీసం జర చెడ్డదైతే రోజూ తిట్టుకొని పండుకుంటుంటి.


సెప్టెంబర్ 26, శుక్రవారం

భోజనం టైంల మేడ మీదికి పోయి జయపాల్ సార్‌కు ఫోన్ చేసిన.

"ఎస్తేరా? రెండేండ్ల కింద సగంల ఫోన్ పెట్టేసినవు కదమ్మా. మా సార్‌ను ఇడిసి రానంటివి."

"అంటిని."

"ఇప్పుడేమైంది?"

"ఏం కాలే సార్. నాగర్‌కర్నూల్ల మీకు మనిషి కావాలెనంట కదా."

ఆయన దగ్గిండు. "గీతకు ఇచ్చినం. ఆమె రానన్నది. ఆమె వద్దన్న ఉద్యోగం అది, ముందే చెప్తున్న. నీకేం ఇబ్బంది లేదు కదా?"

ఉన్నది. ఆమెకు మొదలు వడ్డిచ్చి, ఆమె చెయ్యి కడుక్కున్నంక, అదే విస్తరి నా ముందరికి జరుపుతుండ్రు.

"లేదు సార్" అన్న. "కాయితం మీద ఇస్తరా?"

"అన్నీ కాయితం మీదనే. మీ దిక్కు రైతులు ఎందరున్నరు నీ చేతిల?"

"ముప్పై ఎనిమిది మంది."

"వస్తరా?"

"అడిగితే వస్తరు."


సెప్టెంబర్ 28, ఆదివారం

మెయిల్ వచ్చింది. నా పేరు ఇంటిపేరుతోని సహా సరిగ రాసిండ్రు. ప్రింటు తీసి మడత పెట్టకుండ ఫైల్ల పెట్టిన. అమ్మకు చెప్పిన, "నాగర్‌కర్నూల్ల ఉద్యోగం దొరికింది" అని.

అమ్మ చేతిల చాట కింద పెట్టింది. "అయితే పిల్లగాడు నాగర్‌కర్నూలోడా?"

ఇగ చెప్పేది లేదు.


సెప్టెంబర్ 29, సోమవారం

పొద్దున ఆఫీసుకు ఎవ్వరూ రాకముందే పోయిన. అద్దం ముందర రెండు సార్లు అనుకున్న, ఏం మాట్లాడాల్నో. నిజం రాస్త: నేను ఉద్యోగం ఇడిసి పోదామని పోలే. సార్ ఆ కాయితం చూస్తడు, తలుపు దగ్గరికేస్తడు, వెంకట్రాములన్నను పెద్ద హోటల్‌కు పంపుతడు, నన్ను అడుగుతడు అనుకొని పోయిన. ఒక్కసారి అడిగితే చాలు. రెండోసారి అక్కర్లేదు. ఉంటనని చెప్పేదాన్ని. నాగర్‌కర్నూల్ ఇయ్యకున్నా సరే. ఇది ఎవ్వరికీ చెప్పేది కాదు.

సార్ వచ్చిండు. కాయితం బల్ల మీద పెట్టిన.

చదివిండు. పైనుంచి కింది దాక కాదు, పై నాలుగు లైన్లు. కండ్లద్దాలు తీసి నన్ను చూసి మెల్లగ నవ్విండు.

"ఇదేంది, గీత నేర్పిందా?"

"కాదు సార్. నేనే అడిగి తెచ్చుకున్న."

"అలిగినవా?"

"అలుగుడు కాదు సార్. నేను..."

"అలిగినవు, అలిగినవు. నాకు తెల్వదా? మా చిన్నది కూడా గిట్లనే, అక్కకు గాజులు కొంటే రెండు దినాలు అన్నం తినదు." వెంకట్రాములన్న చాయ్ తెచ్చిండు, ఎదురుంగ కొట్టుదే. సార్ గ్లాసు అందుకొని నా లెటర్ మీద పెట్టిండు. కావాలని కాదు. బల్ల మీద ఖాళీ అక్కడనే ఉన్నది. "ఇంటి పిల్లవు, నీకు హక్కుంది, అలుగు. వచ్చే యేడు నీకోసం చూద్దాం. ఇప్పుడు పోయి అలివేలమ్మ ముఠా ఎంత దాక వచ్చిందో చూడుపో. పండుగకు ఎందరు ఎగ్గొడుతరో అడుగు."

నేను నిలబడే ఉన్న. ఫోన్ మోగింది, సార్ ఎత్తిండు. నాగర్‌కర్నూల్ నుంచి, ఎవరో బోర్డు రాసేటాయన. సార్ ఫోన్ల చెప్తుండు: "గీత పేరు కింద ఇన్‌చార్జ్ అని రాయి. పెద్దక్షరాలు."

గ్లాసు జరిపి కాయితం తీసుకున్న. నా పేరు మీద గుండ్రంగ చాయ్ మరక. సార్ చూడలే.

చేనుకు పోయిన. అలివేలమ్మ, "ఏమైందే ఎస్తేరమ్మా, ముఖం గట్లున్నది? ఎవడన్న ఏమన్న అన్నడా?" అన్నది. ఈమెకు కూడా ఎవడో ఒకడు ఉండాలె. ఏం కాలేదని చెప్పి, చాళ్లల్లకు దిగి, పొద్దుగూకే దాక వాళ్లతోని మొగ్గలు గిల్లిన. ఎన్ని గిల్లిననో లెక్క లేదు. వేళ్లు పచ్చగైనయి.


అక్టోబర్ 1, బుధవారం

నిన్న సద్దుల బతుకమ్మ, ముఠా రాలే. ఇయ్యాల ఎనిమిది మంది వచ్చిండ్రు. ఇంకా పది దినాల పని ఉన్నది.

ఆ పని అయ్యేదాక చేన్లకు పోత. అది అలివేలమ్మ కోసం, పూత మీదున్న చేన్ల కోసం. సార్‌కు పదకొండో తారీఖు నాడు పోతున్ననని మెయిల్ పెడుత. ముందు చెప్పను.

పదమూడు, సోమవారం, జయపాల్ సార్ కంపెనీల చేరుత. నాగర్‌కర్నూల్ల. గీత ఆఫీసున్న రోడ్డే, నాలుగు దుకాణాల అవతల.

గీత సంగతి సార్‌కు చెప్పింది నేనేనని గీతకు చెప్పను.

నా ముప్పై ఎనిమిది మంది రైతుల ఇండ్లకు ఒక్కొక్కరి దగ్గరికి పోయి, వచ్చే యేడు నాతోని వస్తరా అని అడుగుత. అది అయినంక గీత రైతులను అడుగుత.